ర్యాంకు వెనుక లెక్క: అమెరికా హైస్కూళ్ళ జాబితాల చరిత్ర

మన సంఘ సభ్యులలో కొడుకులూ కూతుళ్ళూ అమెరికాలో స్థిరపడినవారు చాలామందే ఉన్నారు. మనలో పలువురు అక్కడికి వెళ్ళి ఆరేసి నెలలు గడిపి వస్తున్నాం కూడా. నెలవారీ సమావేశం ముగిసి టీ తాగే వేళ ఈమధ్య ఒక మాట తరచు వినబడుతోంది. "మావాడు ఇల్లు మారుతున్నాడండీ, అక్కడి స్కూలుకు రేటింగు పదట" అని ఒకరంటారు. "మా మనవరాలి స్కూలు దేశం మొత్తం మీద నూరు లోపు ర్యాంకట" అని మరొకరంటారు. సంతోషమే. కాని ఆ పది ఎవరు వేశారు, ఆ ర్యాంకు ఏ లెక్కన కట్టారు అని అడిగితే చెప్పగలిగేవారు అరుదు. ఆ అంకెను నమ్ముకుని మన పిల్లలు ముప్పై సంవత్సరాల ఇంటి అప్పు నెత్తికెత్తుకుంటున్నారు. మనవలు నిద్ర మానుకుని చదువుతున్నారు. కనుక ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలు మనకూ తెలిసి ఉండాలనిపించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నేను విద్యాశాఖలో గుమస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఏటా పదవ తరగతి ఫలితాలు రాగానే పాఠశాలల వారీగా ఉత్తీర్ణతా శాతం స్టేట్‌మెంటు తయారుచేయడం నా సీటు పనులలో ఒకటి. అందులో ముఖ్యమైన కాలమ్‌లు మూడు: రోలులో ఉన్నవారు, పరీక్షకు హాజరైనవారు, ఉత్తీర్ణులైనవారు. శాతం కట్టేది హాజరైనవారి మీద. నూటికి నూరు శాతం వచ్చిన బడి కనబడితే సెక్షనులోని అనుభవజ్ఞులు ముందుగా రోలు కాలమ్ వైపు చూసేవారు. అరవైమంది రోలులో ఉండి నలభైమందే పరీక్షకు కూర్చుంటే, ఆ నూరు శాతం విలువ వేరు. పైన ఉన్న అంకె ఎంత ముఖ్యమో కింద ఉన్న హారం కూడా అంతే ముఖ్యం. ఈ చిన్న సూత్రం చేతిలో పట్టుకుని చూస్తే అమెరికా జాబితాల సంగతి కూడా చాలావరకు బోధపడుతుంది.

అక్కడ హైస్కూలు అంటే 9 నుండి 12వ తరగతి వరకు. మన లెక్కన హైస్కూలు చివరి రెండేళ్ళూ, ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ కలిసి ఒకే బడి అన్నమాట. దేశంలో సుమారు 13,000 స్కూలు డిస్ట్రిక్టులున్నాయి. ఎవరి బడులను వారే నడుపుకుంటారు. ప్రతి రాష్ట్రానికీ తన పరీక్ష తనదే. ఒక రాష్ట్రం ప్రశ్నపత్రం సులువుగా ఉండవచ్చు, పక్క రాష్ట్రానిది కఠినంగా ఉండవచ్చు. పిల్లలందరూ తప్పనిసరిగా వ్రాసి తీరవలసిన దేశవ్యాప్త పదవ తరగతి పరీక్ష గాని, పన్నెండవ తరగతి పరీక్ష గాని లేదు. కేంద్ర ప్రభుత్వం హైస్కూళ్ళకు ర్యాంకులు ఇవ్వదు. దేశవ్యాప్త ర్యాంకు అని మనం వినేదంతా పత్రికలూ, ప్రైవేటు సంస్థలూ తమకు దొరికిన అంకెలతో తమకు తోచిన సూత్రం ప్రకారం కట్టినదే.

బడులను అంకెలలో కొలవడం వారికి కొత్త కాదు. 1964 పౌరహక్కుల చట్టం ఆదేశం మేరకు జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక పెద్ద సర్వే నడిపి 1966లో నివేదిక ఇచ్చాడు. సుమారు 4,000 బడులలోని ఆరు లక్షల పైచిలుకు విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయి. నల్లజాతి పిల్లల బడులకు భవనాలు, పుస్తకాలు, సామగ్రి తక్కువ కావడం వల్లనే వారు వెనుకబడ్డారని తేలుతుందని చాలామంది అనుకున్నారు. తేలింది మరొకటి. పిల్లల మార్కులలోని తేడాలకు బడి సౌకర్యాల కంటే ఇంటి పరిస్థితులు, పక్కన కూర్చుని చదివే తోటిపిల్లల నేపథ్యం ఎక్కువ కారణమని ఆ నివేదిక చెప్పింది. దాని మీద ఎన్నో వాదోపవాదాలు జరిగాయి. అయినా ఈ ఒక్క విషయం మనం జ్ఞాపకం పెట్టుకోవాలి. ఒక బడిలో మార్కులు ఎక్కువ వచ్చాయంటే అది బడి గొప్పతనమా, ఆ బడికి వచ్చే పిల్లల ఇళ్ళ గొప్పతనమా అన్న ప్రశ్న 1966 నాటికే పుట్టింది. తరువాత వచ్చిన జాబితాలేవీ దానిని పూర్తిగా తీర్చలేదు.

ఇప్పుడు మనం చూస్తున్న జాబితాల కథ తూర్పు లాస్ ఏంజలస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూలు దగ్గర మొదలవుతుంది. అక్కడి విద్యార్థులలో అత్యధికులు మెక్సికో సంతతికి చెందిన పేద కుటుంబాల పిల్లలు. బొలీవియా నుండి వలస వచ్చిన జైమె ఎస్కలాంటె అనే లెక్కల మాస్టారు 1974లో ఆ బడిలో చేరి, వారికి కాలిక్యులస్ నేర్పించి, ఏపీ పరీక్షకు కూర్చోబెట్టాడు. ఏపీ అనగానే మనకు ఆంధ్రప్రదేశ్ గుర్తుకొస్తుంది. ఇక్కడ అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే మాటకు పొడి అక్షరాలు. హైస్కూలులో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి మే నెలలో వ్రాసే పరీక్ష అది. కాలేజ్ బోర్డు అనే సంస్థ 1956 నుండి నిర్వహిస్తోంది. 1 నుండి 5 వరకు స్కోరు ఇస్తారు. 3 వస్తే ఉత్తీర్ణత కింద లెక్క.

1982లో గార్ఫీల్డ్ పిల్లలు 18 మంది ఆ పరీక్ష ప్యాసయ్యారు. పేదపిల్లలకు ఇన్ని మార్కులా అన్నట్టుగా, 14 మంది జవాబులలో పోలికలున్నాయని పరీక్షా సంస్థ అనుమానించింది. వారిలో 12 మంది మళ్ళీ పరీక్ష వ్రాసి, పన్నెండుగురూ నెగ్గారు. ఆ కథ 1988లో స్టాండ్ అండ్ డెలివర్ అనే సినిమాగా కూడా వచ్చింది.

వాషింగ్టన్ పోస్ట్ విలేఖరి జే మాథ్యూస్ ఆ బడికి వెళ్ళి చూసి, ఎస్కలాంటె మీద పుస్తకం వ్రాశాడు. తరువాత సంపన్నుల ప్రాంతాల బడులను పరిశీలించాడు. అక్కడ ఆయనకు తద్విరుద్ధంగా కనిపించింది. మంచి మార్కులు రానివారిని ఏపీ తరగతిలోకే రానివ్వడం లేదు. ప్యాసయ్యే పిల్లలను మాత్రమే కూర్చోబెడితే బడి ఉత్తీర్ణతా శాతం బాగుంటుంది గదా! మన రోలు కాలమ్, హాజరు కాలమ్ కథే అక్కడా జరుగుతోందన్నమాట.

దీనికి విరుగుడుగా మాథ్యూస్ 1998లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. దాని పేరు చాలెంజ్ ఇండెక్స్. ఒక బడిలో ఆ సంవత్సరం వ్రాసిన ఏపీ, ఐబీ పరీక్షల సంఖ్యను, ఆ సంవత్సరం 12వ తరగతి పూర్తిచేసి బయటికి వెళ్ళే విద్యార్థుల సంఖ్యతో భాగించాలి. అంతే. ఐబీ అంటే 1968లో జెనీవాలో ఆరంభమైన ఇంటర్నేషనల్ బాకలారియేట్ చదువు. భాగఫలం 1 దాటితే ఆ బడి జాబితాకెక్కుతుంది. ఎందరు ప్యాసయ్యారన్నది లెక్కలోకి రాదు. ఎందరికి అవకాశం ఇచ్చారన్నదే లెక్క. న్యూస్‌వీక్ పత్రిక ఆ జాబితాను ప్రచురించింది. అమెరికాలో హైస్కూలు ర్యాంకుల సందడి పెరిగింది దానితోనే.

ఉద్దేశం మంచిదే. పేదపిల్లలకు తలుపు తెరిచిన బడిని మెచ్చుకోవాలన్నది ఆయన తాపత్రయం. కాని సూత్రంలోని హారాన్ని ఒకసారి చూడండి. చదువు పూర్తిచేసినవారే అందులో ఉన్నారు. మధ్యలో బడి మానేసినవారు లేరు. ఎక్కువమంది మానేస్తే హారం తగ్గుతుంది, భాగఫలం పెరుగుతుంది. అదీగాక, బడి పేరు జాబితాకెక్కాలంటే పిల్లలను పరీక్ష హాలులో కూర్చోబెడితే చాలు. ఒక్కో పరీక్షకు ఇప్పుడు సుమారు 100 డాలర్ల రుసుము ఉంటుంది. కొన్ని చోట్ల తల్లిదండ్రులు కడతారు, కొన్ని చోట్ల డిస్ట్రిక్టువారే కడతారు. సిద్ధంగా లేని పిల్లలను కూడా సంఖ్య కోసం కూర్చోబెడుతున్నారన్న విమర్శ అందుకే వచ్చింది.

ఇంతలో మరో మార్పు వచ్చింది. 2002 జనవరిలో అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ 3 నుండి 8వ తరగతి వరకు ఏటా, హైస్కూలులో ఒకసారి, చదవడంలోనూ లెక్కలలోనూ పరీక్ష పెట్టి, ఫలితాలను బడుల వారీగా, పేదపిల్లల ఫలితాలను విడిగా చూపిస్తూ ప్రకటించవలసి వచ్చింది. 2015లో ఆ చట్టం స్థానంలో మరో చట్టం వచ్చినా పరీక్షలు మాత్రం నిలిచాయి. అంకెలు బహిరంగమైతే జాబితా కట్టేవారికి కొదవ ఉంటుందా?

యు.ఎస్. న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ అనే పత్రిక 1983 నుండే కాలేజీలకు ర్యాంకులిస్తోంది. అది 2007లో ప్రభుత్వ హైస్కూళ్ళకూ మొదలుపెట్టింది. మొదట్లో బంగారు, వెండి, కంచు పతకాల పద్ధతి ఉండేది. 2019లో పద్ధతి మార్చి 17,000కు పైగా బడులకు వరుసగా ర్యాంకులు ఇచ్చింది. అప్పటి ప్రశ్నపత్రం నూరు మార్కులది అనుకుంటే, ఆ మార్కుల పంపకం ఇలా ఉంది. 12వ తరగతివారిలో ఎందరు కనీసం ఒక ఏపీ లేదా ఐబీ పరీక్ష వ్రాశారు, ఎందరు నెగ్గారు అన్నదానికి 30. రాష్ట్ర పరీక్షలలో వచ్చిన ఫలితానికి 20. ఆ బడిలోని పేదపిల్లలు, మైనారిటీ వర్గాల పిల్లల సంఖ్యను బట్టి ఊహించినదానికంటే ఫలితం ఎంత మెరుగు అన్నదానికి మరో 20. వెనుకబడిన వర్గాల పిల్లల ఫలితాలకు 10. కాలేజీ స్థాయి పాఠాలు ఎన్ని రంగాలలో చదివారన్నదానికి 10. 9వ తరగతిలో చేరినవారిలో నాలుగేళ్ళలో ఎందరు పూర్తిచేశారన్నదానికి 10.

ఈ పంపకంలో కొంత న్యాయం ఉంది. మధ్యలో మానేసినవారు ఇక్కడ లెక్కకు వచ్చారు. పేదపిల్లల సంగతి కూడా వచ్చింది. కాని 30, 20, 10 అన్న బరువులు ఏ శాస్త్రమూ నిర్ణయించినవి కావు. ఆ పత్రికవారు ఆలోచించి పెట్టుకున్నవి. బరువులు మార్చితే వరుస మారుతుంది. బడిలో ఒక్క గోడ కదలకుండా, ఒక్క మాస్టారు మారకుండా ర్యాంకు మారవచ్చు. ఉదాహరణకు 2017 జాబితాలో మొదటి మూడు స్థానాలూ అరిజోనా రాష్ట్రంలోని బేసిస్ అనే ఒకే సంస్థ బడులవి. పద్ధతి మారిన 2019లో మొదటి స్థానం దక్షిణ కరొలైనాలోని అకడమిక్ మాగ్నెట్ హైస్కూలుకు వెళ్ళింది.

అంకెలే తప్పయితే ఎలా ఉంటుందో 2012లో తెలిసింది. నెవాడా రాష్ట్రంలోని గ్రీన్ వ్యాలీ హైస్కూలుకు ఆ సంవత్సరం దేశంలో 13వ ర్యాంకు వచ్చింది. అక్కడివారే ఆశ్చర్యపడి విచారిస్తే, 2,800కు పైగా విద్యార్థులున్న బడిని 477 మంది ఉన్నట్టు లెక్కవేశారని తేలింది. కింది నుంచి వెళ్ళిన స్టేట్‌మెంటులో అంకె తప్పు పడింది, పైన ఎవరూ సరిచూడలేదు. పత్రికవారు తరువాత ఆ బడి ర్యాంకు తొలగించారు. ఆఫీసులో పనిచేసిన మనకు ఇది వింత కాదు.

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న వర్జీనియా రాష్ట్రం ఉత్తర భాగంలో థామస్ జెఫర్సన్ హైస్కూలు ఉంది. టి.జె. అంటారు. 1985లో సైన్సు, టెక్నాలజీ ప్రత్యేక పాఠశాలగా ఏర్పడింది. యు.ఎస్. న్యూస్ తొలి జాబితాలో అదే ప్రథమం. 2020 వరకు ప్రవేశపరీక్ష పెట్టి పిల్లలను ఏరుకునేవారు. ఆ సంవత్సరం చివరలో పరీక్ష ఎత్తివేసి, ప్రతి మిడిల్ స్కూలు నుండి పైస్థాయి విద్యార్థులకు కొన్ని స్థానాలు కేటాయించారు. అప్పటిదాకా కొత్తగా చేరేవారిలో సుమారు 73 శాతం ఉన్న ఆసియా సంతతి పిల్లలు మొదటి ఏడాదే సుమారు 54 శాతానికి తగ్గారు. కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు చేపట్టడానికి నిరాకరించింది.

అదే సంవత్సరం టి.జె. ర్యాంకు 14కు దిగింది. కొత్త ప్రవేశాల వల్లనే బడి చెడిపోయిందని చాలామంది అన్నారు. ప్రవేశ విధానం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, అందులోకి నేను పోను. తేదీలు మాత్రం చూద్దాం. జాబితాలో అన్నిటికంటే బరువైన కాలమ్ 12వ తరగతి వారిది. కొత్త పద్ధతిలో 2021లో చేరిన మొదటి జట్టు 12వ తరగతి పూర్తిచేసింది 2025లో. అంటే 2024 జాబితాలోని ఆ కాలమ్‌లో ఉన్నవారంతా పాత ప్రవేశపరీక్ష నెగ్గి వచ్చినవారే. ఈ సంవత్సరం ర్యాంకు అని మనం చదివేది చాలాసార్లు రెండు మూడేళ్ళ కిందటి పిల్లల లెక్క.

ఇక ఇళ్ళ సంగతి. పత్రికల ర్యాంకుల కంటే మన పిల్లలు ఎక్కువగా చూసేది 1 నుండి 10 వరకు ఇచ్చే రేటింగు. 1998లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చే రేటింగు ఇళ్ళ అమ్మకం ప్రకటనల పక్కనే కనబడుతుంది. మామూలు ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. వీధికి ఈ పక్క ఇల్లయితే ఒక బడి, ఆ పక్కయితే మరొకటి. బడుల ఖర్చులో పెద్ద భాగం స్థానికంగా వసూలయ్యే ఆస్తి పన్ను నుంచే వస్తుంది. 1999లో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో సరిహద్దు గీతకు రెండు పక్కలా ఉన్న ఇళ్ళ ధరలు పోల్చి చూసింది. బడి మార్కులు 5 శాతం ఎక్కువైతే ఆ ఇంటికి జనం 2.5 శాతం ఎక్కువ ధర ఇస్తున్నారని తేల్చింది. మార్కులు బాగున్నచోట ఇల్లు ప్రియం. ప్రియమైన ఇల్లు కొనగలిగేది డబ్బూ చదువూ ఉన్నవారు. వారి పిల్లలు వచ్చాక మార్కులు ఇంకా పెరుగుతాయి. ఈ చక్రంలో బడి వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. గ్రేట్‌స్కూల్స్‌వారే 2017లోనూ 2020లోనూ పద్ధతి మార్చి, ఏడాదిలో పిల్లవాడు ఎంత మెరుగుపడ్డాడన్నదానికి ప్రాధాన్యం పెంచారు. పాత రేటింగులో లోపం ఉందని దీన్నిబట్టే తెలుస్తోంది.

పేరున్న బడిలో సీటు దొరకకపోతే పిల్లవాడి భవిష్యత్తు పాడైపోతుందా? జోషువా ఆంగ్రిస్ట్, పరాగ్ పాఠక్, మరొక ఆర్థికవేత్త కలిసి న్యూయార్క్, బోస్టన్‌లలో ప్రవేశపరీక్ష పెట్టే ప్రసిద్ధ బడులను పరిశీలించి 2014లో ఫలితం ప్రచురించారు. ఆంగ్రిస్ట్‌కు 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కటాఫ్ మార్కుకు కాస్త పైన ఉండి సీటు దక్కినవారినీ, కాస్త కింద ఉండి దక్కనివారినీ పోల్చారు. తోటి విద్యార్థుల స్థాయిలో ఎంతో తేడా ఉన్నా, తరువాతి పరీక్షల మార్కులలో ఈ ఇద్దరికీ పెద్ద తేడా కనబడలేదు. ఇది కటాఫ్ దగ్గరగా ఉన్న పిల్లలకు చెందిన ఫలితమే, అందరికీ అన్వయించకూడదు. అయినా ఒకటి రెండు మార్కులలో సీటు తప్పిందని ఇంట్లో శోకాలు పెట్టుకునేవారికి ఇంతకంటే ఓదార్పు మరొకటి లేదు.

మన దగ్గర కూడా ఈ అంకెల వ్యామోహం తక్కువేమీ కాదు. ఒకటి, ఒకటి, రెండు, రెండు అని టీవీలో ఊపిరాడకుండా చదివే ర్యాంకుల ప్రకటనలు అందరం విన్నవే. ఆ పోటీని తగ్గించాలని 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పదవ తరగతికి మార్కులు తీసివేసి గ్రేడ్లు పెట్టారు. 2020లో ఆంధ్రప్రదేశ్, 2024లో తెలంగాణ మళ్ళీ మార్కులకే వచ్చాయి. పేరు ఏదైనా, మొదట ఎవరు అన్న ప్రశ్న మనల్ని వదలలేదు.

అంతమాత్రాన జాబితాలు వట్టివని నేననడం లేదు. అవి లేకపోతే పేదపిల్లలను ఏపీ తరగతిలోకి రానివ్వని బడుల సంగతి బయటికి వచ్చేది కాదు. పిల్లలు సగంలో మానేస్తున్న బడి ఏదో తల్లిదండ్రులకు తెలిసేది కాదు. 50వ ర్యాంకు బడికీ 15,000వ ర్యాంకు బడికీ తేడా నిజంగానే ఉంటుంది. 50కీ 90కీ మధ్య తేడా మాత్రం లెక్కలోని చిల్లర కావచ్చు. ఆ చిల్లర కోసం ఇల్లు మార్చడం, పిల్లవాణ్ణి స్నేహితుల నుండి విడదీయడం, తాహతుకు మించి అప్పు చేయడం ఎంతవరకు సమంజసమో ఇంటి పెద్దలు ఆలోచించాలి.

ఈసారి పిల్లలు ఫోనులో ర్యాంకు చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగవలసిందిగా సభ్యులకు మనవి. ఈ లెక్క కట్టినది ఎవరు? హారంలో ఎవరున్నారు, ఎవరు లేరు? ఇది ఏ సంవత్సరపు పిల్లల లెక్క? ఆ బడిలో చేరినప్పటికంటే పిల్లలు ఎంత ఎదిగారో చెప్పే కాలమ్ అందులో ఉందా? వీటితోబాటు జాబితాలో ఏనాడూ ఎక్కని ప్రశ్న ఇంకొకటి ఉంది. మాస్టారు పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడా, పిల్లవాడు పొద్దున్నే బడికి ఇష్టంగా బయలుదేరుతున్నాడా అన్నది. దీనికి జవాబు ఏ పత్రికా చెప్పదు. మనవణ్ణో మనవరాలినో అడిగితే వాళ్ళే చెబుతారు.